వేషం ఎవరిది, తిట్టు ఎవరికి

మే నెల ఎండ ఇంకా నెత్తికెక్కని వేళ. తిరుపతి పాతూరి సందులో ఒక ఇంటి అరుగు మీద నాలుగేళ్ల పిల్లోణ్ణి నిలబెట్టి తండ్రి ఒళ్లంతా నామకొమ్ము పూస్తుంటాడు. తడి చల్లగా తగిలి పిల్లోడు మెలికలు తిరుగుతాడు. ‘కదలొద్దు నాయనా, కంట్లో పడతాది’ అని వాళ్లమ్మ గడ్డం పట్టుకుంటుంది. తెలుపు ఆరేలోగా చేతికి వేపమండ ఇస్తారు. ఆ రోజుకి వాడు బైరాగి. మర్నాడు అదే అరుగు మీద ఒళ్లంతా కుంకుమ పూస్తే బండ. ఆ మర్నాడు బొగ్గుపొడి పూస్తే తోటి. నాలుగో రోజు గంధం పూసుకుని దొర అవుతాడు. ఐదో రోజు వాళ్ల నాయన, చిన్నాయన చీరలు కట్టి, సవరం పెట్టి, పూలు ముడిచి మాతంగులవుతారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వారం రోజులు ఊళ్లో సగం మంది మగవాళ్లు తమ మొహంతో తిరగరు.

వేషంతో పాటు నోటికీ సెలవు దొరుకుతుంది. మామూలు రోజుల్లో ఇంటి గడప దాటని మాటలు ఈ వారం నడివీధిలో నడుస్తాయి. వేషం కట్టినవాడు దారినపోయేవాణ్ణి తిట్టవచ్చు. తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు, అది అమ్మ తిట్టు కింద లెక్క. బయటి ఊరినుంచి కొండకు వెళ్లే దారిలో ఈ సందడిలో ఇరుక్కున్న భక్తుడికి ఇదేం భక్తి అనిపించవచ్చు. ఊరివాళ్లకు ఆ అనుమానం లేదు.

పేరడీ, సెటైర్ అని మనం ఈమధ్య ఒకే గాటన కట్టేస్తున్న రెండు విద్యల మధ్య తేడా ఎక్కడుందో ఈ వారం రోజులు వీధిలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఒకటి ఇంకొకరి రూపు ఎత్తుకోవడం. రెండోది ఒకణ్ణి గురిపెట్టి మాట విసరడం. తిరుపతి జాతరలో మొదటిదాని పేరు వేషం, రెండోదాని పేరు తిట్టు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి.

ఈ జాతర కథ అందరికీ తెలిసిందే, అయినా పాత్రలు ఎవరో గుర్తు చేసుకోవాలి. తిరుపతిని ఒక పాలెగాడు ఏలేవాడు. ఊళ్లో పెళ్లయిన ప్రతి కొత్త పెళ్లికూతురూ ముందు తన దగ్గరికి రావాలనేది వాడి చట్టం. తిరుపతి పక్కనున్న అవిలాలలో ఒక పసిబిడ్డ దొరికింది, పెరిగింది, పెద్దదైంది. పాలెగాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఆమె తాను గంగమ్మనని చూపించింది. వాడు ఆ రూపం చూసి హడలిపోయి పరుగెత్తి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికే ఈ వేషాలన్నీ. బైరాగి ఏ గడపలోకైనా వెళ్లగలడు. తోటి ఊరంతా తిరుగుతాడు, వాడి మొహం వైపు ఎవడూ చూడడు. రూపం మార్చి గాలించడం ఒక పని. బయటికి రప్పించడానికి రోషం పుట్టేట్టు తిట్టడం ఇంకో పని. మూడు రోజులు రెండూ చేసినా వాడు బయటపడలేదు. చివరికి ఆమె దొర వేషం కట్టింది. తనకంటే పెద్ద దొర ఊళ్లోకి వచ్చాడని విని, దణ్ణం పెట్టుకోవాలి కదా అని పాలెగాడు బయటికొచ్చాడు. తల తెగింది.

ఇక్కడ కాస్త ఆగాలి. తిట్లకు రాని పాలెగాడు వేషానికి వచ్చాడు. అధికారానికి తిట్టు వినబడదు గానీ తనలాంటి తలపాగా కనబడితే వంగుతుంది. ఈ కథను ఎవరు అల్లారో గానీ పాలెగాళ్ల స్వభావం దగ్గరనుంచి చూసినవాళ్లే అల్లి ఉండాలి.

చూడ్డానికి ఈ ప్రాంతానికి కావలసినంత అవకాశం ఉండేది కూడా. విజయనగరం కూలాక రాయలసీమంతా పాలెగాళ్ల చేతుల్లోకి వెళ్లింది. కోట, వందో వెయ్యో మంది బంట్లు, చుట్టూ నాలుగు ఊళ్లు, ఆ ఊళ్ల మీద ఏ పైవాడికీ లెక్క చెప్పని హక్కు. 1800లో నిజాం నవాబు దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా చేసిన పనుల్లో మొదటిది ఈ పాలెగాళ్ల నడుం విరచడమే. చిత్తూరు వైపు సీమ ఆర్కాటు నవాబు నుంచి 1801లో కంపెనీకి దక్కింది. అక్కడి పాలెగాళ్లు కూడా కొన్నేళ్లు పెనుగులాడి అణిగారు. కోటలు మొండిగోడలయ్యాయి. పాలెగాడు మాత్రం తిరుపతిలో ఏడాదికోసారి బతికివచ్చి తల తెంపించుకుంటూనే ఉన్నాడు.

రూపు ఎత్తుకోవడానికీ గురిపెట్టడానికీ మాటలు కూడా ఎక్కడెక్కడినుంచో వచ్చాయి. పేరడీ గ్రీకుల మాట, పాట పక్కన నడిచే పాట అని దాని మూలం. థాసోస్ దీవివాడు హెగెమోన్ మొదటగా పేరడీలు కట్టాడని అరిస్టాటిల్ రాసిపెట్టాడు. అంటే పేరడీకి ముందు ఇంకో పాట ఉండి తీరాలి, వినేవాడికి అది తెలిసి ఉండాలి. సెటైర్ రోమన్ల మాట. రకరకాల పళ్లతో నింపిన పళ్లాన్ని వాళ్లు ఆ పేరుతో పిలిచేవారంటారు. అందులో అన్నీ ఉంటాయి, కానీ అది ఇంకొకరి పళ్లెం కానక్కరలేదు. మనవాళ్లు రెండోదానికి వ్యంగ్యం, అధిక్షేపం, ఎత్తిపొడుపు, వెటకారం, దెప్పు అని అరడజను పేర్లు పెట్టుకున్నారు. మొదటిదానికి పేరడీ అనే ఇంగ్లీషు మాటతోనే సరిపెట్టుకున్నారు. వికటానుకరణ అని పండితులు ఒక మాట తయారు చేశారు గానీ అది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఏ విద్యకు మనకు ఎక్కువ పేర్లున్నాయో చూస్తే ఏది మన ఇంట్లో ఎక్కువ వాడకంలో ఉందో తెలుస్తుంది.

అయితే తెలుగువాళ్లకు రూపు ఎత్తుకోవడం రాదని కాదు. తిరుపతికి ఉత్తరాన, సిద్ధవటం సీమలో జరిగినట్టు మాచుపల్లి కైఫియత్తు ఒక సంగతి చెబుతుంది. కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా మనుషుల్ని పంపి రాయించిన కైఫియత్తుల్లో ఇదొకటి. కూచిపూడి భాగవతులు ఆ సీమ మీదుగా వెళ్తూ అక్కడి పాలకుడు సంబెట గురవరాజు పన్ను డబ్బు రాబట్టడానికి ఆడవాళ్లను హింసపెట్టడం కళ్లారా చూశారు. విజయనగరం చేరి వీర నరసింహరాయల ముందు కేళిక కట్టారు. ఒకడు గురవరాజు, ఒకడు బంటు, ఒకడు ఆడవేషం. రొమ్ములకు చిడతలు పట్టించి డబ్బు కక్కించే దృశ్యాన్ని ఉన్నదున్నట్టు ఆడారు. ఇదేమిటని రాయలు అడిగాడు, తెలుసుకున్నాడు, సైన్యం పంపాడు. గురవరాజు పట్టుబడి చచ్చాడు. 1502 నాటి మాటగా దీన్ని సాధారణంగా చెబుతారు. కూచిపూడి భాగవతుల గురించి ఇంత పాత సాక్ష్యం ఇదొక్కటే అని నాట్య చరిత్రకారులు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. కానీ నాట్యం సంగతి అటుంచితే, ఇందులో ఆడినవాళ్ల తెలివి చూడాలి. గురవరాజును వాళ్లు తిట్టలేదు. ఒక్క విమర్శ మాట కూడా పలకక్కర లేకపోయింది. వాణ్ణి వాడిలాగే చూపించారు. వేషం పేరడీది, గురి వ్యంగ్యానిది, ఫలితం దండనది.

గంగమ్మ దొర వేషమూ భాగవతుల గురవరాజు వేషమూ ఒకే జాతివి. రెండింటిలోనూ అనుకరణ పనిముట్టు మాత్రమే, పని వేరే. పేరడీ, వ్యంగ్యం కలిసిపోయినట్టు కనిపించిన ప్రతిచోటా ఈ పనిముట్టునూ పనినీ విడదీసి చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

తెలుగు కావ్యాల్లో ఈ రెంటినీ ఒకే దారంతో కుట్టిన గడుసువాడు కూచిమంచి జగ్గకవి. పద్దెనిమిదో శతాబ్దం. నీలాద్రిరాజు అనే దొర, అతని వేశ్య చంద్రరేఖ. ఆమె మీద శృంగార ప్రబంధం రాయమంటే కవి ‘చంద్రరేఖా విలాసం’ రాసి తీసుకెళ్లాడట. దొర చెప్పిన సొమ్ము ఇవ్వలేదు. కవి ఇంటికొచ్చి అదే సరుకుతో ‘చంద్రరేఖా విలాపం’ రాశాడు. ప్రబంధంలో ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఇష్టదేవతా స్తుతి, కృతిపతి వంశవర్ణన, నాయిక అంగాంగ వర్ణన, విరహం, చంద్రదూషణ. అన్నీ తలకిందులుగా ఉన్నాయి, బూతుతో ముంచెత్తి. చదివినవాడికి ప్రబంధం తెలియకపోతే సగం నవ్వు రాదు. నీలాద్రిరాజు ఎవడో తెలియకపోతే మిగతా సగం రాదు. ఇప్పుడు నీలాద్రిరాజు ఎవడో ఎవరికీ పట్టదు కాబట్టి దొర మీది తిట్టు చల్లారిపోయింది. ప్రబంధాల మీది వెక్కిరింత మాత్రం నిలబడింది. వ్యంగ్యానికి ఆయుష్షు దాని శత్రువుకున్నంతే. పేరడీ ఆయుష్షు అది ఎత్తిపొడిచిన రూపానిది.

పేరడీ అనే ఒక్క విద్య కోసమే పుట్టినవాడు జరుక్ శాస్త్రి. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి (1914–1968) తన కాలంలో తిరుగుతున్న కవులందరి గొంతులూ పట్టి చూపాడు. భావకవుల నిట్టూర్పులూ పట్టాడు, శ్రీశ్రీ కవాతులూ పట్టాడు. ఆ తర్వాత మాచిరాజు దేవీప్రసాద్ ఆ పని కొనసాగించాడు. జరుక్ శాస్త్రి పేరడీ చదివితే కవి మీద కోపం కనిపించదు, కవి గొంతు మీద మోజు కనిపిస్తుంది. నచ్చని పాటను ఎవడూ అంత శ్రద్ధగా కంఠతా పట్టడు. శ్రీశ్రీకీ జరుక్ శాస్త్రికీ స్నేహం చెడలేదంటే అందుకే. జగ్గకవికీ నీలాద్రిరాజుకూ అలా సాధ్యమయ్యేదా?

ఈ తేడా కేవలం పండితుల తగువు కాదు, డబ్బు తగువు కూడా. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక పాట వెళ్లింది. 1964లో రాయ్ ఆర్బిసన్ పాడిన ‘ఓ ప్రెట్టీ ఉమన్’ పాటను టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం 1989లో వెటకారంగా మార్చి పాడింది. పాట హక్కులున్న అకఫ్ రోజ్ కంపెనీ కోర్టుకెక్కింది. న్యాయమూర్తి డేవిడ్ సూటర్ రాసిన తీర్పులో ఒక గీత గీశారు. పాటనే వెక్కిరించాలంటే ఆ పాటలోంచి కొంత తీసుకోక తప్పదు కాబట్టి పేరడీకి ఆ వెసులుబాటు ఉండాలి. లోకాన్ని వెక్కిరించడానికి ఇంకొకరి పాట ఎందుకు, వ్యంగ్యం తన కాళ్ల మీద తాను నిలబడవచ్చు కదా, అలా కాదంటే ఎందుకు అరువు తెచ్చుకుందో చెప్పుకోవాలి. ఈ గీత తిరుపతి వీధిలో గీస్తే ఎక్కడ పడుతుందో ఊహించడం సరదాగా ఉంటుంది. తోటి వేషానికి తోటి కావాలి, బైరాగి వేషానికి బైరాగి కావాలి. తిట్టుకు ఏ వేషమూ అక్కరలేదు, నోరుంటే చాలు.

నోరున్నవాళ్లకు ఈ సీమలో ఎప్పుడూ కరువు లేదు. వేంకటాచల విహార శతకం అని ఒకటుంది. రాసిందెవరో తెలియదు. పరదేశి సైన్యాలు వచ్చి గుళ్లు పాడుచేస్తుంటే కొండ మీది వేంకటేశ్వరుణ్ణి నిలబెట్టి కడిగేశాడు ఆ కవి. చేతిలో చక్రమెందుకు, ఎవరిమీద తిప్పడానికి అన్న ధోరణి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో చేసిన నిందాస్తుతి కూడా ఈ తోవదే. దేవుణ్ణి తిట్టడానికి వీళ్లెవరూ ఇంకొకరి వేషం కట్టలేదు. పద్యం సొంతం, కడుపుమంట సొంతం. చమత్కారం ఏమిటంటే అదే వేంకటేశ్వరుడి చెల్లెలు గంగమ్మ అని ఊరి నమ్మకం. జాతరకు కొండమీంచి దేవస్థానం సారె వస్తుంది, పసుపు కుంకుమలు, చీర, బుట్టల్లో పెట్టి. అన్న ఇంట్లో సుప్రభాతం నడుస్తుంటే చెల్లెలి వీధిలో బూతులు నడుస్తాయి. ఆ సారె మోసుకొచ్చేవాళ్లకు అందులో ఏ విరుద్ధమూ కనబడదు.

వేటూరి ప్రభాకర శాస్త్రి (1888–1950) చివరి పదేళ్లూ తిరుపతిలో వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో గడిపారు. అన్నమయ్య రాగిరేకుల పని వల్ల ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకుంది. అంతకు చాలా ముందే ఆయన చాటుపద్య మణిమంజరి పేరుతో తెలుగు దేశంలో నోటినుంచి నోటికి తిరుగుతున్న చాటువులను ఏరి అచ్చు వేయించారు. పిసినారి దొరలు, గర్విష్ఠి పండితులు, చెడ్డ వంట, రాళ్ల దారులు, నీళ్లు దొరకని ఊళ్లు. శ్రీనాథుడి పేర తిరిగే చాటువుల్లో ఊరికొక తిట్టు దొరుకుతుంది. చాటువు వ్యంగ్యానికి తీసిన చిక్కటి కషాయం. నాలుగు పాదాల్లో పని ముగించాలి, తిట్టు తగలాలి, ఛందస్సు తప్పకూడదు. అందులో అనుకరణకు చోటే ఉండదు.

చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి (1880–1951) ప్రబంధాలను దులపడానికి పద్యం కూడా వాడలేదు. కవిత్వ తత్త్వ విచారంలో వచనంతోనే ఆ పని చేశారు. జగ్గకవి ప్రబంధం వేషం కట్టి ప్రబంధాన్ని నవ్వులపాలు చేస్తే, కట్టమంచి వేషం ఏదీ లేకుండా ఎదురుగా నిలబడి అదే ప్రబంధాన్ని అడిగారు. దెబ్బ తగిలినవాళ్లు రెండోదానికే ఎక్కువ గింజుకున్నారు. వెక్కిరింతకు నవ్వేసి తప్పించుకోవచ్చు, ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇదే మట్టిలోంచి వచ్చినవాడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’, ‘మిట్టూరోడి కథలు’ చదివినవాళ్లకు తిరుపతి చుట్టుపక్కల పల్లెల నోరు ఎలా ఉంటుందో చెప్పక్కరలేదు. ఆయన ‘చదువులా? చావులా?’ అని పిల్లల్ని రుబ్బే చదువుల మీద విరుచుకుపడ్డాడు. అది నిఖార్సయిన వ్యంగ్యం. ఎవరి గొంతూ అరువు తెచ్చుకోలేదు, ఎవరి శైలినీ అనుకరించలేదు, వాళ్లమ్మ మాట్లాడిన తెలుగులోనే తిట్టాడు. నామిని భాషను వెక్కిరిస్తూ ఎవరైనా నాలుగు పేరాలు రాస్తే అది పేరడీ అవుతుంది. నామిని చేసింది అది కాదు.

ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. కానీ తోటి దగ్గరికొచ్చేసరికి తేలికగా దాటలేం. తోటి అంటే ఊరి వెట్టి మనిషి. దండోరా వేయాలి, కబురు మోయాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి. అతని కులం ఊరి బయట ఉండేది. ఆ మనిషి రూపును బొగ్గు పూసుకుని ఊరివాళ్లంతా ఎత్తుకుంటే ఎవర్ని చూసి నవ్వుతున్నట్టు? కథ ప్రకారం గంగమ్మే తోటి అయింది, కాబట్టి అది గౌరవమే అనవచ్చు. పాలెగాడి మీదికి వెళ్లే దారిలో దేవత తోటి ఒంట్లో దూరింది, బైరాగి ఒంట్లో దూరింది, ఇద్దరికీ ఒకే మర్యాద. అయినా వీధిలో ఆ కథ ఎప్పుడూ అంత స్వచ్ఛంగా నడవదు. పక్కవాడి నడక, పక్కవాడి యాస పట్టుకుని ఆటపట్టించడం మొదలైతే నవ్వు పైకి వెళ్లడం మానేసి కిందికి జారుతుంది.

పగటివేషాల వాళ్ల దగ్గర కూడా ఈ ఇబ్బంది ఉంది. పొద్దున్నే ఊళ్లోకి వచ్చి ఇంటింటికీ తిరిగే ఆ కళాకారుల దగ్గర సోమయాజులు–సోమిదేవమ్మ, కోమటి, ఫకీరు, పఠాను, ఎరుకల, బుడబుక్కల వేషాలన్నీ ఉండేవి. సోమయాజుల ఆచారం పిచ్చిని గేలి చేసినప్పుడు అగ్రహారంలో నవ్వు వచ్చింది, ఎందుకంటే అక్కడ నవ్వించినవాడు బిచ్చగాడు, నవ్వులపాలైనవాడు భూస్వామి. అదే మనిషి ఎరుకలదాని వేషం కట్టి ఆమె మాటతీరును సాగదీస్తే లెక్క తిరగబడింది. వేషం అదే, నైపుణ్యం అదే. గురి మారింది. పేరడీని దానంతట అదే మంచిదనో చెడ్డదనో తేల్చడానికి కుదరకపోవడం ఇందువల్లే. అది కత్తి. ఎవరి చేతిలో ఉందో, ఎదురుగా ఎవరున్నారో చూడాలి.

ఇక మాతంగి. ఇక్కడ వేషం గురించి చెప్పుకున్నదంతా మళ్లీ గిరికీలు కొడుతుంది.

మగవాడు చీర కట్టుకుని తెర మీదికొస్తే తెలుగు ప్రేక్షకుడికి నవ్వు వచ్చే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక ఆ ఏర్పాటు వారవారం ఇంటికే వచ్చింది. గట్టిగా పెట్టిన లిప్‌స్టిక్, ఒయ్యారం పోయే నడుము, సన్నగా చేసిన గొంతు. అది ఆడదాన్ని అనుకరించే పేరడీ, అందులో మోటు రకం. మాతంగి వేషం కట్టిన తిరుపతి మనిషి కూడా చీరే కట్టుకుంటాడు, జడే వేసుకుంటాడు, గాజులే తొడుగుతాడు. కానీ ఎదురొచ్చిన ముత్తైదువ నవ్వదు. బిందెతో పసుపునీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోసి, హారతిచ్చి, కళ్లకద్దుకుంటుంది. నిన్నటిదాకా పక్కింటి ఆటోడ్రైవరు, ఇవాళ్టికి అమ్మ. మూతి మీద మీసం ఉంటుంది కొన్నిసార్లు, ఎవరూ పట్టించుకోరు.

ఈ వేషాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక పుస్తకం తెచ్చారు. లోకమే స్త్రీగా మారిపోయే రోజులు ఇవి అని దాని పేరులోనే ఉంది. ఆమె చెప్పేదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే, గంగమ్మ శక్తి ఆడవాళ్లలో ముందే ఉంది, మగవాడికే ఆ శక్తిని తట్టుకోవడానికి వేషం కావాలి. ఆ దృష్టితో చూస్తే మాతంగి వేషం ఆడతనాన్ని ఎగతాళి చేయడం కాదు, అందులో కాసేపు తలదాచుకోవడం. అనుకరణ ఉంది, ఎగతాళి లేదు. గురి ఉందా అంటే ఉంది, కానీ అది చీర మీదకు కాదు, నిన్న తల తెగిన పాలెగాడి మీదకు. మగవాడు తన మగతనం చూసుకుని ఎంత విర్రవీగాడో వాడి కథే చెబుతుంది. కాబట్టి మాతంగిని పేరడీ అనలేం. వ్యంగ్యం అనవచ్చా? కొంతవరకు. భక్తి అనడమే దగ్గర.

2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ నీలం చీర, నిమ్మకాయల దండతో ఈ వేషం కట్టి ఆడాక గంగమ్మ జాతర దేశమంతా తెలిసింది. అంతకు ఏడెనిమిది నెలల ముందు ఏప్రిల్లో ఆ వేషంతో టీజర్ వదిలినప్పుడు ఉత్తరాదివాళ్లు ఇదేమిటని వెతుక్కున్నారు. సినిమా తర్వాత ఏం జరిగిందో చెప్పక్కరలేదు. పెళ్లిళ్లలో, స్కూల్ వార్షికోత్సవాల్లో, ఫోన్లలో పుష్ప మాతంగి నకళ్లు వందలుగా పుట్టాయి. వాటిలో చాలా వాటికి పాలెగాడూ తెలియదు, అవిలాలా తెలియదు. వేషానికి వేషం కట్టడం అది. సినిమా వేషాన్ని వెక్కిరిస్తే పేరడీ, మురిపెంగా ఎత్తుకుంటే ముచ్చట. జాతరలో మాత్రం ఆ తర్వాతి మేలో కూడా ముత్తైదువలు పసుపునీళ్లు అదే లెక్కన పోశారు.

ఈ రెండు విద్యలూ పక్కపక్కన కనిపించే చోటు ఇంకొకటుంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రంతా నాటకం, చివరి రోజున మట్టితో చేసి పడుకోబెట్టిన మహాకాయుడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడం. తెల్లవార్లూ మేలుకున్న జనం చీపుళ్లూ చేటలూ తెచ్చి ఆ మట్టి దుర్యోధనుణ్ణి కొట్టి తిడతారు. అరవ సరిహద్దు ఊళ్లలో కట్టియక్కారుడనే హాస్యగాడు రాజు పక్కన నిలబడి రాజు చెప్పిన ప్రతిమాటనూ వంకరగా తిప్పి చెబుతాడు. తోలుబొమ్మలాటలో ఆ పని కేతిగాడిది, బంగారక్కది. రాజు మాటను తిప్పిచెప్పేవాడు పేరడీ చేస్తున్నాడు. మట్టి దుర్యోధనుణ్ణి చేటతో కొట్టే ముసలామె ఏమీ అనుకరించదు. ఆమె నోటి వెంట వచ్చేది ఎవరి మాటో, ఎవరిని ఉద్దేశించిందో చుట్టూ నిలబడిన వాళ్లలో కొందరికి బాగా తెలుసు. దుర్యోధనుడి పేరు చెప్పి ఆమె ఇంకెవరినో తిడుతోంది.

తిరుపతిలో చివరి మంగళవారం రాత్రి గుడి ముందు మట్టితో విశ్వరూపం కడతారు. పెద్ద పెద్ద కళ్లు, పసుపు పూసిన మొహం, కోర, బయటికి చాపిన నాలుక. పాలెగాడు చూసి పరుగెత్తిన రూపమే అది. రాత్రంతా జనం వరస కట్టి దణ్ణం పెట్టుకుంటారు. తెల్లవారకముందు కైకాల అనే వంశంవాళ్లు పేరంటాలు వేషంలో వస్తారు. వాళ్లలో ఒకరు మట్టి మొహం ముందు నిలబడి చెంప నరుకుతారు. అంతవరకూ బారులు తీరి నిలబడ్డ జనం ఒక్కసారి మీదపడతారు. బారికేడ్లు ఆగవు, పోలీసుల ఈలలు వినబడవు. ఎవరి చేతికి చిక్కిన మట్టిపెళ్ల వాళ్లది. నిమిషాల్లో మొహం ఉండదు, వెదురు దబ్బలు, గడ్డి మిగులుతాయి. ఆ మట్టి కొంగున కట్టుకుని ఆడవాళ్లు నడుచుకుంటూ ఇళ్లకు పోతారు, పేరంటాళ్లు వేషం విప్పి మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గర వరసలో నిలబడతారు.